రెండు గంపలు, ఒకే పొయ్యి

మాలకొండమ్మ, అంకాలమ్మ వాకాడు సంతలో పోట్లాడుకుంటుంటే నేను కొట్టు వదిలేసి మరీ వెళ్లి చూసేవాణ్ని. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఇద్దరి ముందూ ఎండు చేపల గంపలు. పైవూళ్ల రైతులు ఇక్కడ బేరమాడి, అక్కడికి వెళ్లి, మళ్లీ ఇక్కడికి వచ్చేవాళ్లు. "ఆమె నెత్తళ్లల్లో ఇసకే గానీ చేప యాడుంది?" అని మాలకొండమ్మ అంటే, "దానికి కళ్లు కనపడక చానా కాలమైంది లేబ్బా" అని అంకాలమ్మ ఆ చివరి నుంచి కేకేసేది. జనానికి వినోదం, పొద్దు వాలేసరికి రెండు గంపలూ ఖాళీ.

ఆ రైతులకు తెలియనిది ఒకటుంది. వాళ్లిద్దరూ తోడికోడళ్లు. ఉండేది ఒకే ఇంట్లో, వండేది ఒకే పొయ్యి మీద. రెండు గంపల్లోని చేపలూ ఒకే వల మీద పరిచి ఎండబెట్టినవే. ధర కూడా ఒకటే, కాబట్టి మోసమని నేను అనను. బేరమాడకుండా కొంటే మన జిల్లా వాడికి తిన్నది అరగదు. ఆ సరదా తీర్చారంతే.

అయితే రెండో గంప పుట్టింది సరదాకు కాదు. అంకాలమ్మ మొగుడు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. దినాలయ్యాక ఇంట్లోవాళ్లు, సంతలో అక్క మాలకొండమ్మ పక్కన కూర్చుని సాయం చేసుకోమన్నారు. మాలకొండమ్మ ఒప్పుకోలేదు. "నా పక్కన కూర్చుంటే నా కింద కూలిదానిలాగుంటాది. దాని గంప దానికుండాల" అని తన సరుకులో సగం తీసి, ఆ చివర చోటు చూపించింది. ఆ గంప ముందు కూర్చున్నాకే అంకాలమ్మ మళ్లీ నోరు తెరిచి నలుగురితో మాట్లాడింది. అది నేను కళ్లారా చూశాను. అందుకే మాలకొండమ్మ నోటికి భయపడినా, ఆ మనిషంటే నాకు గౌరవం.

నేను జడ్సన్‌ని. వాకాడులో పార్శిల్ కొట్టు నాది. వాళ్ల కథలోకి నేను తూకం మిషనుతో సహా ఎలా వచ్చానంటే, మాలకొండమ్మ కోడలు రోజా వల్ల. ఆ పిల్ల పెళ్లికి ముందు తడ దగ్గర ఒక కంపెనీలో ఆన్‌లైన్ అమ్మకాల పని చేసింది. అత్తలిద్దరికీ మోకాళ్లు పట్టేసి గంప ఎత్తడం కష్టమవుతోంది, సంతకు వచ్చే జనమూ పలచబడుతున్నారు. ఫోన్‌లో అమ్ముదామంది.

ఒకరోజు నా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని అత్తకు చెబుతోంది. "ఒకరు నెల్లూరు ఎండు చేపలు అని వెతుకుతారత్తా. ఇంకొకరు వాకాడు ఎండు చేపలు అని. మరొకరు ఎండు చేపలు ఆన్‌లైన్ అని కొడతారు."

"ముగ్గురికీ కావాల్సింది చేపే గదా?"

"చేపేలే. మాటే కొంచెం తేడా."

మాలకొండమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే ముగ్గురు వచ్చే దారిలో మూడు గంపలు పెట్టు. ఏ గంపలో కొన్నా మనింటికే వస్తాది."

రోజా అలాగే మూడు వెబ్‌సైట్లు చేసింది. ఒకటి మాలకొండమ్మ పేరు మీద, ఒకటి అంకాలమ్మ పేరు మీద, మూడోది తన కూతురు వెన్నెల పేరు మీద. ఫోటోలు అవే. రాసిన మాటలూ అవే, ఊరి పేరు మాత్రం అటూ ఇటూ మార్చింది. తన పేరు ఫోన్‌లో వెలిగిన రోజు అంకాలమ్మ చీర చెంగుతో తెర తుడిచి మరీ చూసుకుంది. "నా గంప ఇంత పెద్దదైందా మే!" అని నవ్వింది.

నిజం చెప్పాలంటే నేనూ భేష్ అన్నాను. మా ఆవిడ ఒక్కతే, "సంతలో నడిచిందంతా ఫోన్‌లో నడుస్తుందా?" అని అడిగింది. మా ఆవిడ మాట నేను ఎప్పుడు విన్నాను గనక!

మొదట్లో పార్శిళ్లు బాగానే వచ్చాయి. తర్వాత మందగించాయి. రోజా తల పట్టుకుని కూర్చుంది. ఎవరైనా వెతికితే ఒక వారం ఒకటి కాస్త పైకి వస్తోంది, ఇంకో వారం అది దిగి మరొకటి వస్తోంది. మూడింటిలో ఏదీ ముందు పేజీకి చేరడం లేదు. కొన్నవాళ్లు మెచ్చుకుంటూ రాసిన నాలుగు మాటలు కూడా మూడు చోట్ల చెదిరిపోయాయి. "మనమే మన కాళ్లు పట్టి కిందికి లాక్కుంటా ఉండామన్నా" అంది నాతో.

అంతలో కోవూరు నుంచి పిడుగు పడింది. వనజాక్షి అని ఒకావిడ రెండు సైట్లలో నెత్తళ్లు తెప్పించుకుంది, ఏది బాగుంటే అది ఎంచుకుందామని. రెండు పొట్లాలూ విప్పితే రెండింటిలోనూ ఒకే రకంగా ఎండు వేపాకు రెమ్మ. అది మాలకొండమ్మ అలవాటు, పురుగు పట్టకుండా వేస్తుంది. ఆవిడకు ఒళ్లు మండింది. 'ఒకే సరుకును రెండు పేర్లతో అమ్ముతున్నారు. నమ్మకండి' అని రెండు చోట్లా రాసిపెట్టింది. నా తూకం మిషను మీద దుమ్ము పేరుకుంది.

మాలకొండమ్మ నా కొట్టుకొచ్చి, నా ఫోన్‌ నుంచే ఆవిడకు కాల్ చేయించింది. స్పీకర్ పెట్టాను.

"అవును తల్లీ, అన్నీ మావే. సంతలో ఇట్నే చేస్తామమ్మా, అదే అలవాటుతో చేసినాము."

ఆ మాటతో వనజాక్షికి ఏదో గుర్తొచ్చింది. "మీరు వాకాడు సంతలో అరుచుకునే ఆమేనా? మా పుట్టిల్లు ఆ పక్కే. మా అమ్మ మీ ఇద్దరి మధ్యా తెగ తిరిగేది."

"నేనేనమ్మా."

"సంతలో మా అమ్మకి మీ మొహాలు కనపడేవి. చేప పట్టుకుని చూసుకునేది. నాకు ఫోన్‌లో ఏం కనపడతాది చెప్పండి? సరుకు బాగుంది కాబట్టే ఇంకా కోపమొచ్చింది. ఎవర్ని నమ్మాలో తెలీలేదు."

మాలకొండమ్మ ఫోన్ నాకిచ్చేసి బల్ల మీద కూలబడింది. రోజా మెల్లగా, "ఒకటే ఉంచాలత్తా. నెత్తళ్లకి ఒక పేజీ, రొయ్యలకి ఒక పేజీ, అన్నీ దాంట్లోనే. తక్కిన రెండూ తెరిచినోళ్లు నేరుగా దీంట్లోకే వచ్చేటట్టు దారి పెడతా" అంది.

"ఒకటే అంటే అంకాలు పేరు తీసేయాల. నేను తీయను. దాని గంప నా చేత్తో లాక్కోమంటావా?"

"తీయాల్సింది చిన్నత్త పేరు కాదు. జనం ఎక్కువ వచ్చేదీ, బాగుందని రాసిందీ దాంట్లోనే. తీయాల్సింది నీ పేరు."

ఆ మాటకు మాలకొండమ్మ ముఖం చిన్నబోయింది. ఎందుకు చిన్నబోదు? చేప ఆమెది, వేపాకు ఆమెది, సంతలో పేరు ఆమెది. గంప పంచి ఇవ్వడం వేరు, ఉన్న గంప దించేసుకోవడం వేరు. అయినా ఆమె కొంగు దులుపుకుని లేచింది.

"తీసెయ్. ఆ కోవూరమ్మకి మా ఇద్దరి ఫోటో పంపించు. ఇద్దరం ఒకటేనని కింద రాయి."

ఇంటికెళ్లి చెబితే అంకాలమ్మ ఏడ్చిందట, వద్దని గొడవ చేసిందట. అక్క పేరు తీసి తన పేరు ఉంచితే ఏ మొహం పెట్టుకుని తిరగాలని అడిగిందట. మాలకొండమ్మ ముందు ఆ గొడవలు నిలుస్తాయా! సైటు అంకాలమ్మ పేరు మీదే ఉండిపోయింది. తెరవగానే ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్న ఫోటో. వనజాక్షి తను రాసింది తీసేసి, ఎండు రొయ్యలు పంపమంది.

తర్వాతి సంతకు నేను యథాప్రకారం కొట్టు వదిలేసి వెళ్లాను. ఆ చివర అంకాలమ్మ చోటు ఖాళీగా ఉంది. మళ్లీ గొడవైందేమో అనుకున్నాను. తిరిగి చూస్తే, తన గంప తనే మోసుకొచ్చి మాలకొండమ్మ పక్కన దించుతోంది. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు గానీ, రెండు గంపలు చక్కగా ఇమిడాయి.

ఏళ్ల తరబడి వాళ్లిద్దరి మధ్యా తిరిగి అలవాటు పడ్డ ఓబయ్య అనే రైతు అటు నాలుగడుగులు వేసి, ఎవరూ లేక వెనక్కి వచ్చాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏందమ్మా ఇది? మీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటాది గదా?"

"ఒక కుండలో కూడు తినేవాళ్లకి గొడవేందబ్బా?" అంది అంకాలమ్మ. "ఈమె మా అక్క."

ఇంట్లో రోజూ పిలిచే పిలుపే. సంతలో, నలుగురి ముందు, ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. మాలకొండమ్మ తల ఎత్తలేదు. ఓబయ్యకు కొలిచిన నెత్తళ్ల మీద, అతను అడగకుండానే ఇంకో గుప్పెడు కొసరు వేసింది.