వాగవతల ఇనుప వంతెన

మొన్న ఆదివారం మా సంతోష్‌నగర్ వీధివాళ్ళు నలుగురు తెల్లకాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మోరీ పొంగి ఇళ్ళ ముందుకు వస్తోందట, అధికారులకు అర్జీ రాసివ్వాలట. “ఆఫీసుల పన్జేసి రిటైరైనోళ్లు, మీకంటె మంచిగ ఎవ్వరు రాస్తరమ్మా? జర గట్టిగ రాయుండ్రి. ఉన్నదానికన్న నాలుగు మాటలు ఎక్కువనే పడాలె” అన్నాడు అందులో ఒకాయన. టీలు ఇచ్చాను, బిస్కెట్లు పెట్టాను, అర్జీ మాత్రం రాయనన్నాను. ఈ ముసల్దానికి ఎంత పొగరో అనుకుంటూ మెట్లు దిగి ఉంటారు. అనుకోనీ. అర్జీలు రాయడంలో నా చేయి ఎంత గొప్పదో వాళ్ళకేం తెలుసు!

నేను పుట్టి పెరిగింది ఉప్పుగూడ దాటాక ఒక వాగు అవతల. నలభై ఇండ్లుండేవి. కాగితాల్లో ఏదో పేరుండేది గానీ అందరూ మమ్మల్ని వాగవతలోళ్ళనే అనేవారు. నిజాం కాలంలో ఎవరో జాగీర్దారు అక్కడ జామతోట పెట్టించి, గుర్రం మీద వచ్చిపోవడానికి వాగు మీద ఇనుప వంతెన వేయించాడనీ, తోటపనికి వచ్చిన మా తాతలు అక్కడే గుడిసెలు వేసుకున్నారనీ మా నాయనమ్మ చెప్పేది. జాగీరు పోయింది, తోటా పోయింది. మావాళ్ళు, వంతెన మిగిలారు. నాకు బుద్ధి తెలిసేనాటికి జామచెట్ల జాగాలో పాలకూర, పుంటికూర మళ్ళూ బర్రెల కొట్టాలూ ఉండేవి. పొద్దున్నే ఆడవాళ్ళు తడి ఓడుతున్న కూరగంపలు నెత్తిన పెట్టుకుని ఆ వంతెన దాటి బార్కస్ దాకా పోయి అమ్ముకొచ్చేవారు. వంతెన ఎంత ఇరుకంటే, ఎదురుగా బర్రె వస్తే మనిషే వెనక్కి నడవాలి. బర్రె వెనక్కి నడవదు కదా.

ఆ వంతెనకు పెద్దదిక్కు మా పెద్దబాపు, మా నాయనకు అన్న. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి దిగిపోయాడు. ఏటా మిరుగం ముందు, వానలు దిగకముందే, ఇంటికొక మనిషి వచ్చి వంతెన తుప్పు గీకి డాంబరు పూయాలని ఆయన పెట్టిన కట్టుబాటు. అంతకన్నా ముందు ఆయన చిన్న సుత్తె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక్కొక్క రివిటూ కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఖంగుమంటే గట్టిది. మోత బొంగురుపోతే వదులైనట్టు. దానికి సున్నంతో గుర్తు పెట్టి, తనకు తెలిసిన కమ్మరిని పిలిపించి బిగింపించేవాడు. ఆయన వింటున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. నల్లాకాడ లొల్లి మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఆపని మా చిన్నమ్మలు కూడా ఆ పూట నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గట్టున కూచునేవారు. ఆఖరి రివిటు కొట్టి, నడుము మీద చేయి వేసుకుని లేచి, “ఏం ఫికర్ లేదు, ఇంకో నూరేండ్లుంటది” అనేవాడు. అప్పుడు గానీ మాకు వానాకాలం వచ్చినట్టుండేది కాదు.

వంతెన గట్టిదే, ఇరుకే మా కష్టం. ఆటో రాదు, లారీ రాదు. నొప్పులు మొదలైన ఆడమనిషిని మంచం మీద మోసుకుపోవాల్సిందే. పెద్ద వంతెన కావాలని రెండుసార్లు అర్జీలు పెడితే, ఉన్నది కదా అని తిప్పి పంపారు. డెబ్బైల మొదట్లో మాట ఇది. నేను అప్పుడే ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. వాగవతల నౌకరీ చేసే మొదటి ఆడపిల్లను. నా టెక్కు చూడాలి, కూరమళ్ళ గట్ల మీద కూడా చేతిసంచీ ఊపుకుంటూ నడిచేదాన్ని. మూడో అర్జీ నువ్వు రాయి అన్నారు అందరూ. ఎలాంటి ఫైళ్ళు కదులుతాయో రోజూ చూస్తున్నదాన్ని కదా, నా బుద్ధి గడ్డి తిని, “ఈ పాత వంతెన పూర్తిగా శిథిలమై ఏ క్షణాన్నైనా కూలిపోయే స్థితిలో ఉన్నది” అని రాశాను.

పెద్దబాపు వాకిట్లో అందరినీ కూచోబెట్టి చదివాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చి తలెత్తితే, ఎదురుగా అరుగు మీద ఆయన తల వంచి శ్రద్ధగా వింటున్నాడు. నా నాలుక ఆ వాక్యం మీదుగా దూకి కింది వాక్యం అందుకుంది. ఎవరికీ తెలియలేదు.

“అంత సదివినవా బిడ్డా?” అన్నాడు.

“సదివిన పెద్దబాపూ.”

బొటనవేలు ధోవతికి తుడుచుకుని మొదటి వేలిముద్ర ఆయనే వేశాడు. ఆయన వెనక అందరూ వేశారు.

ఈసారి ఫైలు ఎంత చురుగ్గా కదిలిందో! నాలుగు నెలలు తిరక్కుండా ఒక పొద్దున జీపులో ఇంజనీరు, వెనక లారీలో గ్యాసు సిలిండర్లతో మనుషులు దిగారు. కొత్తది కట్టడానికి కాదు, పాతది తీసేయడానికి. నేను ఆఫీసుకు బయల్దేరి వంతెన మొదట్లోనే ఉన్నాను. పెద్దబాపు ఉరుకుతూ వచ్చి నడి వంతెన మీద నిలబడ్డాడు.

“ఏంది సార్ గిది? ఎవడన్నడు ఇది కూలుతదని? సుత్తె తెస్త, మీరే కొట్టి సూడుండ్రి!”

ఇంజనీరు చెడ్డవాడేం కాదు. సంచిలోంచి మా అర్జీ తీసి, నేను దాటేసిన వాక్యాన్ని నిదానంగా చదివి వినిపించాడు. “మీరే రాసిన్రు కదా పెద్దమనిషీ. ఈ మొదటి ముద్ర ఎవరిది?” అన్నాడు.

పెద్దబాపు తల తిప్పి నావైపు ఒక్కసారి చూశాడు. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. చేతిసంచీ భుజానికి సర్దుకుంటూ నిలబడ్డాను.

“అవ్ సార్. మేమే రాసినం. ఆ ముద్ర నాదే” అన్నాడాయన. వంతెన దిగి, నా పక్కనుంచే ఇంటికి పోయాడు.

కూలిపోయే వంతెనను కోయడానికి నాలుగు రోజులు పట్టింది. “ఏ తో హిల్తాచ్ నై భాయ్” అని, కదలనే కదలదని, గ్యాసు కటింగు చేసేవాడు నెత్తి కొట్టుకున్నాడు. కొత్త వంతెన రాలేదని కాదు, వచ్చింది. ఆరేడేళ్ళ తర్వాత, అరమైలు కిందికి. ఈలోపు మా ఆడవాళ్ళు గంపలతో రైలు పట్టాల వెంబడి చుట్టు తిరిగి పోయేసరికి కూర వాడిపోయేది, కొనేవాళ్ళు పెదవి విరిచేవారు. వాగు పొంగితే అదీ లేదు. ఒక్కొక్క ఇల్లే మళ్ళు అమ్ముకుని ఇవతలికి తరలిపోయింది. పెండ్లయినాక కూడా నేను అక్కడే ఉన్నాను గనుక, ఆ ఖాళీ గోడలన్నీ నా కళ్ళముందే కూలాయి.

పెద్దబాపు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. బిడ్డా అనే పిలిచేవాడు, మొదటి కోత పుంటికూర మా ఇంటికే పంపేవాడు. నిజామాబాద్ వైపు ఇచ్చిన ఆయన కూతురు నెలకొక కార్డు రాసేది. నేను బడికి పోయే రోజుల నుంచీ ఆ కార్డులు చదివి పెట్టేది నేనే. ఆ తర్వాత ఒక్క కార్డూ నా చేతికివ్వలేదు. జేబులో పెట్టుకుని నా గుమ్మం ముందు నుంచే పోయి, అంత దూరం చుట్టు తిరిగి, ఉప్పుగూడ స్టేషను దగ్గర కట్టెల అడితి గుమాస్తాతో చదివించుకుని వచ్చేవాడు. ఒకసారి ఉండబట్టలేక, నేను చదువుతానని చేయి చాపాను. “నీకెందుకు బిడ్డా తక్లీఫ్” అన్నాడు, నవ్వుతూనే.

ఆ తర్వాత ఆయన పదకొండేళ్ళు బతికాడు. తప్పు నాదే, నేను అది నీకు చదవలేదు అని రేపు చెప్దాం, పండగ వెళ్ళాక చెప్దాం అనుకుంటూనే ఉన్నాను. ఆ వాక్యం దాటేయడానికి నాకు క్షణం పట్టలేదు. దాటేశానని ఒప్పుకోవడానికి పదకొండేళ్ళూ చాలలేదు.