సెలవు అడిగే కట్ట

మా మేనత్త పోయింది. ఫిజీలో, టాబియాలో మా ఇంట్లో, చెరకు తోట కనబడే కిటికీ పక్క మంచం మీద, మధ్యాహ్నం అన్నం వేళకు పోయింది. నేను వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తున్నాను. ఎక్కడికి బయలుదేరినా నాలుగిళ్లకు వినబడేలా అందరికీ చెప్పి వెళ్లే మనిషి, ఈసారి ఒక్క కేక కూడా వేయకుండా వెళ్లిందేమిటని ముందు కోపం వచ్చింది. తర్వాత గుర్తొచ్చింది. ఆమె ముందే అడిగింది. సెలవు ఇచ్చింది నేనే.

ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఈ మాత్రం తెలుగు రాస్తున్నానన్నా ఆమె చలవే. మా తాత దాచుకున్న తెలుగు బైబిలు ముందు కూర్చోబెట్టి, చెవి మెలిపెట్టి మరీ నేర్పింది. మా ఇంట్లో రోజూ నడిచేది ఫిజీ హిందీ. తెలుగు ప్రార్థనకూ తిట్లకూ మిగిలింది. అత్త రెండింటికీ ధారాళంగా వాడేది.

చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. అందుకని ఊళ్లో పిల్లలందరి మీదా పెత్తనం తనదే అనుకుంది. మా చర్చి యూత్ గ్రూపుకు ఆమే పెద్ద. ఏటా బడి సెలవుల్లో మమ్మల్ని లారీ ఎక్కించి ఏదో ఒక ఫిజియన్ల ఊరికి, అంటే ఈ నేల మూలవాసుల ఊరికి, మిషన్ ట్రిప్‌కి తీసుకెళ్లేది. అక్కడ చర్చి గోడలకు రంగు వేసేవాళ్లం, చిన్నపిల్లలకు పాటలు నేర్పేవాళ్లం, ముసలివాళ్లకు కట్టెలు కొట్టిపెట్టేవాళ్లం. దేవుడి సేవ సంగతి ఏమో గానీ, మాకైతే అది ఇల్లు కదిలే వంక. చెరకు చేలలోంచి బయటపడి సముద్రం చూడటానికి మాకు వేరే దారి లేదు.

బయలుదేరే ముందు శనివారం లంబాసా మార్కెట్‌కి వెళ్లి యంగోనా కొనేది. ఒక మొక్క ఎండిన వేళ్లు అవి, దంచి నీళ్లలో పిసికి తాగుతారు. అత్త జన్మలో ఒక్క చిప్ప కూడా తాగలేదు కానీ, కొనేటప్పుడు మాత్రం వేరును గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, అమ్మేవాడి సహనం చచ్చేదాకా బేరమాడేది. ఎప్పుడూ రెండు కట్టలు. ఒకటి ఊళ్లోకి వచ్చామని ఆ ఊరి పెద్దమనిషి ముందు పెట్టేది. రెండోది వెళ్తామని సెలవు అడిగేది. ఆ రెండోదాన్ని తతౌ అంటారు. ఆయన ముట్టుకుని, అరచేతులు గుంటగా చేసి చప్పట్లు కొడితే సెలవు ఇచ్చినట్టు. అత్త అక్కడ కింద కూర్చుని, తల వంచి, వచ్చీరాని ఫిజియన్‌లో చెప్పేది: మీ ఇంట్లో తిన్నాం, పడుకున్నాం, తప్పులుంటే మన్నించండి, ఇంక సెలవు ఇవ్వండి. ఒక ఏడాది డ్రైవర్ తొందరపడి అది కాకముందే సామాను ఎక్కించేశాడు. అత్త మొత్తం దింపించింది, పెయింట్ డబ్బాలతో సహా. "అడగకుండా పోతే దొంగోళ్లు పోయినట్టు ఉంటాది" అని వాడికి క్లాసు పీకింది. వాడు ఆ తర్వాత మా ట్రిప్పులకు రానన్నాడు.

రాజధాని సువాలో ఫిజియన్ సైనికులు పార్లమెంటులోకి వెళ్లిన ఏడాది మేం బూవా వైపు సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో ఉన్నాం. నాకు అప్పుడు పదిహేనేళ్లు. చర్చి కిటికీలకు నీలం రంగు వేస్తుంటే ఎవరింట్లోంచో రేడియో గట్టిగా వినబడింది. ఊళ్లోవాళ్లు పనులు ఆపి దాని చుట్టూ చేరారు. ప్రభుత్వాన్ని దించేశారట. అది మావాళ్లు, ఇండియన్లు, ఆశపడి ఓట్లేసి తెచ్చుకున్న ప్రభుత్వం. మా చేతుల్లో బ్రష్షులు అలాగే ఉన్నాయి. ఆ ఊరు మొత్తంలో ఇండియన్లం మేమే.

అత్త చేతులు కడుక్కుని, చీర సర్దుకుని, రెండో కట్ట తీసుకుని పెద్దమనిషి దగ్గరికి వెళ్లింది. మేం వెనకాలే వెళ్లి చాప మీద కూర్చున్నాం. ఆమె అడగవలసినట్టు అడిగింది. ఆయన కట్ట వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి మాత్రం చాచలేదు. "ఆజ్ నహీ, బహిని" అన్నాడు, మా హిందీలోనే. ఇవాళ కాదు, చెల్లీ, అని. అంతే, లేచి వెళ్లిపోయాడు. కట్ట చాప మీదే ఉండిపోయింది.

అప్పటి నుంచి ఆ ఊళ్లోంచి బయటపడే దారులే లెక్కపెట్టేదాన్ని. ముందు సముద్రం, వెనక కొండ, మధ్యలో ఒకే ఒక్క మట్టి రోడ్డు. సాయంత్రమయ్యేసరికి ఊరి కుర్రాళ్లు కత్తులు పట్టుకుని ఆ రోడ్డు మొదట్లో కూర్చునేవారు. రోజూ కొబ్బరి తోటకు పట్టుకెళ్లే కత్తులే, కానీ ఆ వారం వాటిని చూస్తే వేరేగా ఉండేది. మా లారీ తాళం పెద్దమనిషి దగ్గరుంది. టెలిఫోను లేదు. ఉడికించిన కసావా దుంపలు, చేపల పులుసు పళ్లెంలో పెట్టి ఆడవాళ్లు నవ్వుతూ తెచ్చేవారు. ఒక్క ముద్ద దిగేది కాదు. నా పక్కన పడుకునే పిల్ల "కబ్ ఘరే జాయేగా, ఆంటీ?" అని అత్త కొంగు పట్టుకుని ఏడ్చేది. ఇంటికి ఎప్పుడని. అదే మాట అడగడానికి నాకు రోషం అడ్డొచ్చేది.

చివరికి నేనూ అడిగాను, ఇంకో రకంగా. "అత్తా, మనల్ని పట్టేసుకున్నారా?"

అత్త పళ్లేలు కడుగుతోంది. "ఏం ఫికర్ చేయకు, పిల్లా. ఆయన కట్ట ముట్టలేదు. ముట్టనంత సేపూ మనం ఆయన ఇంటోళ్లం. ముట్టినాడంటే రోడ్డు మీదోళ్లం. తెల్సా?"

"మరి మనకి వెళ్లాలని ఉంటే?"

"ఉంటాది. నాకూ ఉన్నాది. కూర్చో."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. కానీ కడిగిన పళ్లేన్నే మళ్లీ మళ్లీ కడుగుతోంది. అత్తకు కూడా భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది, తెలిశాక నా భయం ఎందుకో కొంచెం తగ్గింది. ఆ చాప ఉన్న హాలు మేమే ఊడ్చేవాళ్లం. కట్టను కదపకుండా, దాని చుట్టూ ఊడ్చి వదిలేసేవాళ్లం. ఆదివారం ఆరాధనకు అత్త మాతో తెలుగు పాట పాడించింది. ఊరివాళ్లకు మాటలు తెలియవు, రాగం పట్టుకుని గొంతు కలిపారు. ఆ పాట మధ్యలో ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున పెద్దమనిషి వచ్చి చాప మీద కూర్చున్నాడు. కట్టను దగ్గరికి లాక్కున్నాడు. గుంట అరచేతులతో చప్పట్లు కొట్టాడు. "అబ్ జావ్, బహిని. హమ్ భీ జాయేగా" అన్నాడు. ఇక వెళ్లు చెల్లీ, నేనూ వస్తాను, అని. అన్నట్టే తనూ వచ్చాడు. రోడ్డు మొదట్లో కాపలా కూర్చున్న కుర్రాళ్లే లారీలో మా చుట్టూ అంచుల మీద కూర్చున్నారు, ఆయన ముందు సీట్లో డ్రైవర్ పక్కన. దారిలో ఎవరు ఆపినా ఆయన కిటికీలోంచి తల బయట పెట్టేవాడు, వాళ్లు తప్పుకునేవారు. టాబియాలో మా వాకిట్లో దిగి, మా నాన్నతో యంగోనా తాగి, "నీ చెల్లెల్ని తెచ్చాను" అన్నాడు. మా నాన్న ఆయన చేతులు పట్టుకున్నాడు.

ఆ తర్వాత చాలామంది దేశం వదిలి వెళ్లారు. అత్తను కూడా రమ్మన్నవాళ్లున్నారు. "నాకు ఇక్కడ ఎవరు సెలవు ఇస్తారు?" అని నవ్వేసేది. యూత్ గ్రూపులో పిల్లలు తగ్గారు, ట్రిప్పులు మాత్రం ఆగలేదు. మార్కెట్లో బేరాలూ ఆగలేదు.

షుగరు ఆమె ఒక పాదం తీసుకుంది, తర్వాత రెండోది. లారీ వెనక తలుపు పట్టుకుని ఒక్క గెంతులో ఎక్కే మనిషి కిటికీ పక్క మంచానికి అంటుకుపోయింది. చెరకు రైలు పోతుంటే చివరి పెట్టె కనబడకుండా పోయేదాకా చూసేది. గట్టిగా మూలిగేది కాదు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మాత్రం దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకునేది. నేను ఊరుకోలేదు. సువా తీసుకెళ్దాం, ఇంకో డాక్టరుకు చూపిద్దాం, ఇంకో మందు వాడదాం అంటూ వెంటపడ్డాను. ఆమె లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించడం నా వల్ల కాలేదు.

ఒక శనివారం మా ఆయన్ని మార్కెట్‌కి పంపి యంగోనా కట్ట తెప్పించుకుంది. గోటితో గీకి చూసి, "మోసపోయినావు, అల్లుడూ" అని ఆయన్ని ఏడిపించింది. మంచం పక్కన చాప మీద పెట్టించి, నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమంది.

"నీ ఇంట్లో తిన్నా, పడుకున్నా. తప్పులు ఉంటే మాఫ్ చెయ్యి. ఇంక సెలవు ఇయ్యి, అమ్మా."

నోటికొచ్చింది అనేశాను. "ఆజ్ నహీ, అత్తా."

ఆమె పెద్దగా నవ్వింది. "ఆ ముసలాయన మాట బాగా పట్టినావు" అంది. మళ్లీ అడగలేదు. కట్ట వారాల తరబడి అక్కడే ఉంది. నేను రోజూ దాని చుట్టూ ఊడ్చాను. అత్త కిటికీలోంచి చూడటం మానేసి కట్టనే చూసేది. మధ్యమధ్య నన్ను.

ఆ పెద్దమనిషి మమ్మల్ని ఆపింది బయట రోడ్డు బాగాలేదని. నేను ఆపింది దేనికి? ఇక్కడే కదా బాగాలేనిది. ఒకరోజు డ్రెస్సింగ్ అయ్యాక ఆమె నోట్లోంచి దుప్పటి అంచు తీస్తుంటే పళ్లు దిగిన చోట బట్ట చిరిగి ఉంది. దాన్ని మడతపెట్టి లోపలికి తోసి, కింద కూర్చున్నాను. కట్టను దగ్గరికి లాక్కున్నాను. అరచేతులు గుంటగా చేసి చప్పట్లు కొట్టాను. అత్త చెయ్యి చాచి నా తల మీద పెట్టింది. "వినాకా" అంది, ఆ ఊరివాళ్లు కృతజ్ఞత చెప్పినట్టే. ఆ వారం దాటలేదు.

అంత్యక్రియలకు బూవా నుంచి ఆ పెద్దమనిషి కొడుకులు వచ్చారు. ఆ కట్టనే దంచి, మా వాకిట్లో కూర్చుని తాగారు. సాయంత్రం తతౌ పెట్టి సెలవు అడిగి వెళ్లారు.

మంచం తీసేశాం. చాప మాత్రం అక్కడే ఉంది. కిటికీ ఎండకు చాప అంతా వెలిసిపోయింది, కట్ట ఉన్న చోటు ఇంకా పచ్చగానే ఉంది. పొద్దున్నే ఊడుస్తుంటే చీపురు అక్కడికి వచ్చేసరికి దానంతట అదే చుట్టూ తిరుగుతోంది.