మూట ఎత్తుకుపోయిన అన్సాబాయి

పైఠాన్‌లో మేము గోదావరిని గంగ అనే పిలుస్తాం. ఆ గంగ మెట్ల మీద అన్సాబాయి జొన్నరొట్టెలు, మిరపకాయ పచ్చడి అమ్ముతుంది. పక్కనే నా పూలకొట్టు. ఇరవై రెండేళ్లుగా ఆమె రొట్టెలూ తింటున్నాను, తిట్లూ తింటున్నాను.

ఆమె పెనిమిటి దగడూ పడవ నడిపేవాడు. ఎగువన ఆనకట్ట కట్టాక ఊరి ముందు గంగ చాలా నెలలు మోకాలి లోతు దాటేది కాదు. జనం చెప్పులు చేత పట్టుకొని నడిచిపోతుంటే పడవ ఎవరెక్కుతారు? దగడూ ఆనకట్టను తిట్టుకుంటూ ఖాళీ పడవలో కూర్చునేవాడు.

"ఆ నీళ్లతోనే మా అన్న చేలో చెరకు పండుతోంది. తిట్టింది చాలు, లేచి పిండి పట్టించుకురా" అనేది అన్సాబాయి. పడవ చెక్కలు ఊడదీయించి రొట్టెల బల్ల చేయించింది. దగడూ రెండు రోజులు అలిగాడు. మూడో రోజు ఆ బల్ల దగ్గరే రొట్టెలు అమ్మాడు. అతను పోయాక ఆమె ఒక్కతే నెట్టుకొచ్చింది.

ఒక శ్రావణంలో, పట్టపగలు, ఆనకట్ట సైరన్ మోగింది. గేట్లెత్తుతున్నారని మాకు తెలుసు కనుక అందరం గబగబా పైమెట్లు ఎక్కేశాం. నది నడుమ బండ మీద మాత్రం పరాయి ఊరి ముసలాయన ఒకడు ధోవతి ఆరేసుకుని, గోచీతో కూర్చొని జపమాల తిప్పుతున్నాడు.

"తాతా, నీళ్లొస్తున్నాయి, లేచి రా" అని అన్సాబాయి కేకేసింది.

ఆయన ఒక కన్ను తెరిచాడు. "నీళ్లెక్కడున్నాయమ్మా? నా పాదాలే సరిగ్గా తడవలేదు."

"అది ఆనకట్ట కూత."

"ఏ మిల్లు కూతో. నూట ఎనిమిదీ కానీ, వస్తాను." మళ్లీ కన్ను మూశాడు.

నేను వద్దన్నా వినకుండా ఆమె చీర ఎగదోపి దిగింది. బండెక్కి, ఆయన మూట, చెప్పులు, ధోవతి చంకన పెట్టుకొని వెనక్కి పరుగందుకుంది.

"దొంగదానా, ఆగు" అంటూ ఆయన వెంటపడ్డాడు. దారిలో ఆమె కాలు జారి మోకాలు చితికింది. కుంటుతూనే పరుగెత్తింది తప్ప మూట వదల్లేదు. ఇద్దరూ ఏడో మెట్టు ఎక్కేసరికి వెనక బండ కనిపించలేదు.

ఆయన నీళ్లకేసి చూస్తూ నిలబడిపోయాడు.

"నిన్ను దొంగన్నాను తల్లీ."

"దొంగతనమేగా చేశాను. ముందు ధోవతి కట్టుకో, ఆడవాళ్లం ఉన్నాం."

రొట్టె ఇచ్చింది. ఆయన ఒక ముక్క నమిలి, "ఉప్పెక్కువైంది" అన్నాడు.

"విన్నావా రఖమా, ఉప్పెక్కువంట" అని నాకేసి తిరిగి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. దగడూ పోయిన రోజున కూడా ఆమె అలా ఏడవగా నేను చూడలేదు. ముసలాయన రొట్టె పక్కన పెట్టి, ఆమె మోకాలి నెత్తురు తన ధోవతి కొసతో తుడిచాడు.

ఆ మోకాలు మళ్లీ సరిగ్గా వంగలేదు. ఇప్పుడు నిలబడే రొట్టెలు కాలుస్తుంది. ఆ సాయంత్రం నాతో ఒకే మాట అంది: "అందరికంటే ముందు ఎక్కేశావు కదే." అప్పటి నుంచి గేట్లెత్తే రోజున నేనూ, మెట్ల మీద గాజులమ్మే సుభాన్ భాయీ ముందు కిందికి దిగి, బండలన్నీ చూసి గానీ పైకి రాము.