ఒకటో నంబరు హెచ్చరిక

మొన్న పొద్దున కాఫీ కలుపుకుంటుంటే నా ఫోను తనంతట తానే ఆగి, మళ్ళీ వెలిగి, భద్రతకు సంబంధించిన లోపమేదో సరిదిద్దుకున్నానని చెప్పి ఊరుకుంది. నన్నొక మాట అడగలేదు. రిటైరై ఇన్నేళ్ళయినా అలాంటి కబురు చూస్తే నాకు కాళ్ళు ఒకచోట నిలవవు. మన ఈడువాళ్ళలో కంప్యూటర్ల మధ్య బతికినవాళ్ళకు ఈ జబ్బు తెలిసే ఉంటుంది.

నిడదవోలు నుంచి రోజూ బస్సెక్కి వెళ్ళి, ఒక చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. ఏ సాఫ్టువేరులో ఎక్కడ కన్నం ఉందో, దొంగ ఎటునుంచి దూరగలడో, దాన్ని ఎలా పూడ్చాలో దేశం మొత్తానికీ చెప్పే ప్రభుత్వ బృందం ఒకటి ఢిల్లీలో ఉంది. వాళ్ళ హెచ్చరికలు హైదరాబాదులోని మా హెడ్డాఫీసుకు చేరి, తీవ్రతను బట్టి అక్కడ ఒక నంబరు వేయించుకుని నా దగ్గరకు వచ్చేవి. వాటిని చదవాలని, ఊడ్చేవాళ్ళు కూడా రాకముందే ఆఫీసులో ఉండేదాన్ని. ఆ డబ్బాలోనే కాపురం పెట్టెయ్యరాదా అని మా అత్తగారు దెప్పేవారు.

ఒక క్రషింగ్ సీజనులో, చెరకు ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉన్న రోజున, మా కాటా కంప్యూటరుకు సరిగ్గా తగిలే హెచ్చరిక వచ్చింది. ఆ కన్నంలోంచి ఎవడైనా దూరితే రైతుల తూకాలన్నీ వాడి చేతిలో ఉన్నట్టే. పూడ్చాలంటే కాటా కాసేపు ఆపాలి. హెడ్డాఫీసువారు దానిమీద ఒకటో నంబరని వేశారు, అంటే అన్నిటికన్నా ముందు చూడవలసిందని. తీసుకెళ్ళి మేనేజరు గారి ముందు పెడితే ఆయన టీ చల్లార్చుకుంటూ, "ఒకటో నంబరే కదండీ, మూడోది ఇచ్చాక చూద్దాం లెండి" అన్నారు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి పెరిగి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తే మా వైపు ఎవరూ మంచం కూడా దిగరు. రెండోదానికి గొడ్లను గట్టెక్కిస్తారు, మూడోది వస్తేనే ఏటి మధ్య లంకల్లోవాళ్ళు మూట సర్దుతారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ లెక్కకు అలవాటుపడ్డ మనిషికి ఒకటి అంటే ఇంకా బోలెడు టైముందని అర్థం. నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి గానీ, హైదరాబాదు లెక్క విప్పి చెప్పే ఓపిక లేకపోయింది. "ఇది మూడోదేనండి, నీళ్ళు గట్టు దాకా వచ్చేశాయి" అన్నాను. ఆయన గ్లాసు అక్కడే పెట్టేసి లేచారు.

కాటా ఆగింది. ఆ బారులో మా చిన్నాన్న ట్రాక్టరు కూడా ఉంది. ఎండకు చెరకు వాడి తూకం తగ్గిపోతుంటే రైతులు ఊరుకుంటారా, నన్ను తిట్టిపోశారు. అందరికన్నా గట్టిగా తిట్టింది మా చిన్నాన్నే. ఆ తిట్లు వింటూనే పని ముగించాను. ఆ తర్వాత ఏమీ జరగలేదు. జరగలేదు కాబట్టే, ఊరికే కాటా ఆపించిన మనిషినని నాకు పేరు పడింది, చిన్నాన్న అయితే పోయేదాకా ఎప్పుడు మా ఇంటికొచ్చినా ఆ మాట ఎత్తకుండా లేవలేదు. ఆపకపోతే ఏమయ్యేదో ఆయనకు చూపించడానికి నా దగ్గర ఏముంది? గట్టు తెగని ఏడాది గట్టు వేసినవాణ్ణి ఎవరూ తలుచుకోరు.

ఇప్పుడు ఆ పనంతా యంత్రాలే చేసుకుంటున్నాయట. మంచిదే, చెరకు వాడదు, ఎవరూ ఎవరినీ తిట్టరు. కానీ ఒక మనిషి పరిగెత్తుకెళ్ళి ఇంకో మనిషిని కుర్చీలోంచి లేపిన కాలం మాత్రం పోయింది. నేను లేపవలసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. తెల్లారేసరికి ఎవరినో లేపాలన్న తొందర మాత్రం ఇంకా అలాగే ఉంది.