మా పెరట్లో ఊదారంగు మిరప

మా పెరట్లో గోడ వారగా మా ఆవిడ మిరప వరస ఉంటుంది. కాయ పొట్టిగా, లావుగా, లేతాకుపచ్చగా ఉంటుంది, కారం పేరుకే. ఆ విత్తనం కె.కోటపాడు దగ్గర వాళ్ల ఊరిది, మా అత్తగారు చేతికిచ్చినది. ఇప్పుడు ఆ ఊళ్లో కూడా అందరూ ప్యాకెట్ విత్తనానికి మారిపోయారు. ఏటా ఎండల్లో ఆ కాయలకు గాట్లు పెట్టి, ఉప్పేసిన పుల్లమజ్జిగలో నానేసి, ఎండబెట్టి ఊరమిరపకాయలు చేస్తుంది. చోడవరంలో మా వీధివాళ్లకు ఆమె ఆ కాయలతోనే తెలుసు. నేను ఆమె భర్తగా తెలుసు.

నాకూ ఒక పేరుంటే బాగుండుననిపించింది. అనకాపల్లి నర్సరీలో అలంకారం కోసం పెంచే మిరప కనిపించింది. జానెడు మొక్క, నల్లటి ఊదా ఆకులు. కాయలు కిందికి వేలాడకుండా ఆకాశం వైపు నిలబడి, ఊదా నుంచి పసుపుకి, ఎరుపుకి మారతాయి. కొన్ని కుండీలు తెచ్చాను. పొద్దున నడకలో మిత్రులకు ఉపన్యాసం మొదలుపెట్టాను: కాయ గుండ్రంగా ఉంటే ఒక జాతి, మొనదేలి ఉంటే ఇంకో జాతి అని. రెండూ ఒకటే జాతని తర్వాత ఫోన్లో చదివాను. మిత్రులకు చెప్పలేదు.

ఎండ బాగా పడేది ఆవిడ వరస పక్కనే. కుండీలు అక్కడ పెట్టబోయాను.

"అక్కడొద్దండీ. మన మిరపకాడ ఇంకో మిరప ఎట్టకూడదని మా అమ్మ అనీది."

"మీ అమ్మగారికేం తెలుసు? ఇవి షో మొక్కలు. ఊరికే నిలబడి ఉంటాయి."

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ ఏడు ఏమీ కాలేదు. ఆవిడ కాయలు ఎప్పటిలాగే చప్పగా కాశాయి. పండిన కాయల నుంచి విత్తనం తీసి, మరుసటి ఏడు నాటింది. మొక్కలు ఎదిగాక, చాలావాటి కణుపుల దగ్గర ఊదారంగు చార కనిపించింది. ఫోన్లో వెతికాను. తేనెటీగలు నా కుండీల పుప్పొడిని ఆవిడ పూలకు చేర్చాయి; ఆ కలయిక బయటపడేది ఆ విత్తనం మొలిచి ఎదిగాకే. విషయం అర్థమయ్యాక ఫోను జేబులో పెట్టుకుని ఊరుకున్నాను.

గాట్లు పెట్టి మజ్జిగలో వేస్తుంటే ఆవిడ వేళ్లు మండాయి. "ఉప్పు మార్చాం కదా, దానివల్లే" అన్నాను.

కాయలు ఎండాక మా బావమరిది భోజనానికి వచ్చాడు. అతనిది చెరుకు వ్యవసాయం. పప్పుచారు కలుపుకుని, చిన్నప్పటి అలవాటుగా వేయించిన కాయలు రెండు ఒకేసారి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా... నా మీద ఏటైనా కోపమా?"

"ఏట్రా?"

"పెరుగు! పెరుగు తే! బావా, అలా సూస్తన్నావేటి, ఇసురు!"

పేపరు మడిచి విసిరాను. "బాయిలర్లో నాలిక ఎట్టినా ఇంత మండదు" అన్నాడు ఎక్కిళ్ల మధ్య.

ఆవిడ నవ్వలేదు. కాయల పళ్లెం ముందు కూర్చుండిపోయింది.

"మా అమ్మ ఇత్తనం నా సేతిలో పాడైపోనాది. పండుకాయలు సరిగ్గా ఏరలేదేమో. అన్నీ పీకేసి బజారు ఇత్తనం తెచ్చుకుందాం."

పీకేస్తే ఆ మిరప ఇక ఎక్కడా ఉండదు. తప్పు తనదనుకుని తనే దాన్ని పోగొట్టుకోబోతోంది. ఇక ఆగలేకపోయాను. కుండీలు, తేనెటీగలు, ఊదా చార, ఉప్పు అబద్ధం, అన్నీ చెప్పేశాను.

"ఉప్పని సెప్పేవా బావా?" అన్నాడు బావమరిది. "ఉప్పా!"

ఆవిడ పళ్లెం పక్కకు జరిపింది. "అన్నీ సెడిపోయాయా?" అంది.

"చార లేనివి కొన్నున్నాయి. అవి బాగుండవచ్చు. కొరికి చూస్తేగానీ తెలీదు."

"అయితే కొరకండి."

ఒక్కో మొక్క నుంచి ఒక్కో పచ్చికాయ. మొదటిది కొరికి, "ఫర్వాలేదు" అన్నాను.

"మీ మాట ఎవరడిగేరు? మొహం సూస్తన్నాను" అని ఆ మొక్కను వేళ్లతో సహా లాగేసింది. చార లేనివాటిలోనూ కొన్ని నా కళ్లు తెరవనివ్వలేదు. బావమరిది పెరుగు గిన్నెతో వెంట నడిచాడు, తను తింటూ.

గోడ చివర మూడు మొక్కల దగ్గర నా మొహం కదల్లేదు. ఆవిడకు నమ్మకం కుదరలేదు. "మీ నాలిక సచ్చిపోయుంటాది" అని తనే కొరికింది. నెమ్మదిగా నమిలి, మిగిలిన రెండూ కొరికింది. లోపలికెళ్లి నా పాత పంచె చింపి చిన్న చిన్న సంచులు కుట్టింది. విచ్చుకోని మొగ్గలకు వాటిని తొడిగి దారంతో కట్టింది, ఏ తేనెటీగా దూరకుండా, పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టేలా.

"కుండీలు మేడ మీద పెడతాను" అన్నాను.

"ఏం, తేనెటీగకి మెట్లెక్కడం రాదా?"

బావమరిది వాటిని ఆటోలో ఎక్కించుకున్నాడు. "మా తోట గట్టు మీద ఎట్టేస్తాను. సెరుకు కారమెక్కదు కదా బావా?"

జవాబు నాకు తెలుసు. అయినా నోరు విప్పకుండా ఆవిడ వైపు చూశాను.

"ఎక్కదురా, ఎళ్లు" అంది ఆవిడ.