డోలు లేకపోతే ఏడున్నర

ఆ రోజుల్లో పాట వినాలంటే ముందు ఒక మనిషి కావాలి. ఇప్పటిలా ఫోను తీసి నోటితో అడిగితే పలికేవి కావు పాటలు. మెమరీ కార్డు అనే గోరంత ముక్కను కాగితంలో చుట్టి, జేబులో భద్రంగా పెట్టుకుని, బస్సెక్కి టౌనుకు వచ్చి, సెల్లు అంగట్లో కంప్యూటరు ముందు కూర్చున్నవాడి చేతికిచ్చి, 'మంచి పాటలు ఎక్కించు నాయనా' అని అడగాలి. ఏవి మంచి పాటలన్నది ఆ కూర్చున్నవాడి దయ. మదనపల్లెలో మా బావ (మా అక్క భర్త) అంగట్లో రెండేళ్ళపాటు ఆ దయగలవాడిని నేనే. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరికేలోపు ఖాళీగా ఉంటే చెడిపోతానని మా అక్క నన్ను తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. కుర్చీలో కూర్చుని కూడా చెడిపోవచ్చునని ఆమెకు తెలియదు.

నాకు సంగీతం రాదు. అభిప్రాయాలు మాత్రం వచ్చు. అంగట్లో కంప్యూటరు నిండా ఎక్కడెక్కడివో ఆల్బములు ఉండేవి. కర్ణాటక సంగీతం, కవ్వాలీలు, కన్నడ భావగీతాలు, అరవ భజనలు, తెల్లవాళ్ళ పియానో, జుట్టు పెంచుకున్నవాళ్ళ గిటారు గోల, అన్నీ వినేవాణ్ణి. విన్న ప్రతిదానికీ పదికి ఇన్ని అని మార్కులు వేసేవాణ్ణి. ఒక వీణ ఆల్బముకు అయిదు. (పక్క గదిలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు అంత భయంగా వాయించడం దేనికని.) పియానోకు ఎనిమిది. రేకుల షెడ్డు మీద పెద్ద వానకు ముందు పడే నాలుగు చినుకుల్లా ఉందని. ఒక భజన ఆల్బముకు మూడు. దేవుణ్ణి రమ్మని పిలుస్తున్నారో, వచ్చినవాణ్ణి తరుముతున్నారో తేలలేదని. గిటారు గోలకు ఆరున్నర. ఇల్లు కూలగొడుతున్న చప్పుడే అయినా కూలగొట్టేవాళ్ళకు పని తెలుసునని. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఈ మార్కుల కోసం లోకం ఎదురుచూస్తోందని గట్టి నమ్మకం.

లోకం సంగతి ఎలా ఉన్నా, అంగడికి వచ్చేవాళ్ళు ఎదురుచూడలేదు. కురబలకోట వైపు నుంచి గొర్రెలు కాసే తాత ఒకాయన వచ్చేవాడు. రోజంతా గొర్రెల వెంట తిరుగుతూ వినడానికి పాటలు కావాలన్నాడు. నేను బాగా ఆలోచించి, ఉత్తరాది వేణువు ఒకటి ఎక్కించి, గంటసేపు ఒకే రాగం ఎలా విప్పుతారో వివరించి పంపాను. వారం తిరగకుండా వచ్చి కార్డు బల్ల మీద పెట్టాడు.

"బాగుండాదప్పా, బాలేదని కాదు. అది వింటే నాకు నిద్రొస్తాండాది. నేను పడుకుంటే గొర్రెలు శెనిక్కాయ చేన్లో పడతాండాయి. చేనాయన కట్టె తీసుకోని వచ్చినాడు. ఏదన్నా గట్టిగా కొట్టేది ఉంటే పెట్టు."

ఇంకేం చేయను, గిటారు గోల పెట్టి పంపాను. ఆ మరుసటి వారం వచ్చి, "ఇది సరిపోయింది. మనిషికి నిద్ర రాదు, నక్క దగ్గరికి రాదు," అన్నాడు. నా ఆరున్నర ఆయనకు చెబుదామని నోరు తెరిచేలోపు బావ అడ్డం వచ్చాడు. "పని సూడప్పా. వచ్చినోళ్ళకంతా పాఠం చెప్తాండావు. బయట జనం నిలబడి ఉండారు."

నోటికి తాళం పడితే అభిప్రాయం ఊరుకుంటుందా. నేను ఫోనులో నా గొంతు రికార్డు చేయడం మొదలుపెట్టాను. ప్రతి ఆల్బము మీదా ఒకటిన్నర నిమిషం. దాన్ని ఆ ఆల్బము ఫోల్డరులో అన్నిటికన్నా ముందు వచ్చేలా పెట్టేవాణ్ణి. కార్డులోకి పాటలతోబాటు నా గొంతూ వెళ్ళేది. పల్లెల్లో చాలామంది అదేదో కంపెనీ ప్రకటన అనుకుని వదిలేశారట. ఈ విధంగా నా అభిప్రాయాలు రామసముద్రం దాకా, కలికిరి దాకా పోయాయి. ఎవరూ తిరిగి ఏమీ అనకపోవడంతో అందరూ ఒప్పుకున్నారనే అనుకున్నాను.

అలా ఉండగా మా బావ చిన్నాన్న కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళి కుప్పంలో, ఒక కల్యాణ మంటపంలో. పొద్దున టిఫిన్ల వేళ మేళంవాళ్ళు కాస్త విశ్రాంతి తీసుకుంటారు కాబట్టి, ఆ సమయానికి మైకులో వేయడానికి మంగళవాద్యం కార్డు ఒకటి కావాలని పెళ్ళికూతురి తండ్రి బావకు ఫోను చేశాడు. బావ ఆ పని నాకు అప్పజెప్పాడు. నేను మా దగ్గరున్న నాదస్వరం ఆల్బములన్నీ పక్కపక్కన పెట్టి చూసి, అన్నిటికన్నా మంచిది ఎంచి, ఫోల్డరు మొత్తం ఎత్తి కార్డులో వేశాను. అది పుంగనూరు మేళంవాళ్ళది. అన్నదమ్ములిద్దరు. తమ్ముడు నాదస్వరం, అన్న డోలు. పెళ్ళికి మేళం కుదుర్చుకున్నది కూడా వాళ్ళనేనని నాకెవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

పెళ్ళిరోజు పొద్దున మంటపం కింద భోజనాల హాల్లో ఇడ్లీ, పొంగలి వడ్డిస్తున్నారు. మూడు వందల మంది బంతుల్లో కూర్చున్నారు. మేళంవాళ్ళు కూడా ఒక పక్కన కూర్చుని తింటున్నారు. నేను మా అక్క పక్కన కూర్చుని రెండో ఇడ్లీ చట్నీలో ముంచాను. సౌండు సర్వీసు అతను కార్డు వేసి, టీ తాగడానికి బయటికి పోయాడు. హాల్లో ఉన్న నాలుగు పెట్టెల్లోంచి, బయట చెట్టుకు కట్టిన రెండు హారన్లలోంచి నా గొంతు వచ్చింది.

"నమస్కారం. ఇప్పుడు మీరు వినబోయేది పుంగనూరు మేళంవారి మంగళవాద్యం. నాదస్వరం చాలా బాగుంది. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తెలియదు. ఇక డోలు విషయానికి వస్తే..."

మా అక్క ఇడ్లీ తుంచడం ఆపి నా వైపు చూసింది. "మనోడి గొంతు మాదిరి ఉండాదే," అని ఎదుటి బంతిలో ఎవరో ముసలమ్మ అంది. నేను లేచి మైకు సెట్టు ఉన్న వైపు పరుగెత్తాను. అది అద్దాల గదిలో ఉంది, గదికి గొళ్ళెం పడి ఉంది. గొళ్ళెం తీసి లోపలికి పోయేసరికి ఏ మీట నొక్కాలో తెలియలేదు. ఒకటి నొక్కాను. గొంతు ఇంకొంచెం పెద్దదయింది.

"...డోలాయన ప్రతి కీర్తన చివరా పరుగందుకుంటాడు. పలమనేరు బస్సు కదిలిపోతోందని ఎవరో కేకేసినట్టుగా కొడతాడు. పాపం నాదస్వరం ఆయన వెనక పడి పరుగెత్తాల్సి వస్తుంది. మొత్తం మీద పదికి ఆరు. డోలు లేకపోతే ఏడున్నర."

తర్వాత శ్రుతి మొదలై, నాదస్వరం చాలా మంగళకరంగా అందుకుంది.

గది అద్దంలోంచి నాకు డోలు పెద్దాయన కనిపిస్తున్నాడు. అరవై దాటిన మనిషి. తెల్లటి జరీ పంచె, చెవులకు ఎర్రరాళ్ళ కమ్మలు. ఆయన తొందరేమీ పడలేదు. ఆకులో మిగిలిన పొంగలి పూర్తి చేశాడు. ఆకు మడిచాడు. చేయి కడుక్కుని, భుజం మీది కండువాతో తుడుచుకుని, పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి వెళ్ళి అన్నాడు.

"సామీ, డోలు లేకుంటే ఏడున్నర అంట. మీ ఇంట్లో శుభకార్యం. ఎక్కువ మార్కులొచ్చేదే జరగనీండి. మా తమ్ముడు వాయిస్తాడు. నేను ఈడ ఫ్యాను కింద కూర్చుంటా."

ముహూర్తానికి ఇంకా గంటంపావు ఉంది. డోలు లేకుండా గట్టిమేళం ఎక్కడిది? తాళి కట్టేవేళ ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డమాటా చెవిన పడకుండా కప్పేయాల్సింది డోలే. అది మోగకపోతే మగపెళ్ళివారు ఏమంటారో, ఆ పిల్లను జన్మంతా ఏమని దెప్పుతారో తలుచుకుని పెళ్ళికూతురి తల్లి అప్పుడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ అద్దాల గదిలోకి వచ్చాడు. నన్ను తిట్టలేదు. "నువ్వే పోయి సర్దు. సర్దకుంటే ఈ పక్కనే రైల్వే స్టేషనుండాది, అట్నుంచి అటే యాడికైనా పో," అన్నాడు. తిడితే బాగుండుననిపించింది.

నేను వెళ్ళి పెద్దాయన ముందు నిలబడ్డాను. నిజానికి నాకు క్షమాపణ ఎలా అడగాలో తెలియదు. అప్పటిదాకా అవసరం పడలేదు.

"నేను మీ ఆల్బము బాగుందనే చెప్పినానయ్యా. మా అంగట్లో ఉండే నాదస్వరాల్లో మీకే ఎక్కువ..."

"ఆరు."

"మిగతావాళ్ళకు నాలుగూ అయిదే వేసినాను."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వు ఏం వాయిస్తావు?"

"ఏమీ వాయించను."

"పాడతావా?"

"లేదయ్యా."

"మరి?"

"వింటాను."

"మంచిది. వినేవాళ్ళే కావాలి ఈ కాలంలో," అని ఆయన పక్కనున్న తాళాలాయన వైపు తిరిగి, "నువ్వు రోంతసేపు కాఫీ తాగిరాప్పా," అన్నాడు. అతని చేతిలోని కంచు తాళాలు తీసుకుని నా చేతిలో పెట్టాడు. "ఇదిగో, ఇది పట్టుకోని నా పక్కన కూర్చో. నేను యాడ పరిగెత్తుతానో ఆడ నన్ను నిలబెట్టు. నువ్వు కూర్చుంటే నేను వాయిస్తా. లేకుంటే ఏడున్నరే."

నేను కూర్చున్నాను. మూడు వందల మంది టిఫిన్లు ముగించుకుని పైకి వచ్చి, నాకు ఎదురుగా కుర్చీల్లో సర్దుకున్నారు. మొదటి కీర్తన ఎత్తుకున్నారు. అయిదు నిమిషాలు నేను బాగానే వేశాననుకున్నాను. తర్వాత గమనిస్తే తాళాలు ముందు పోతున్నాయి, డోలు వెనక నింపాదిగా వస్తోంది. తగ్గిద్దామని చూస్తే మరీ తగ్గిపోయి, ఈసారి డోలు ఆగి నాకోసం నిలబడింది. నేను ఎక్కడ తప్పినా ఆ తప్పు అక్కడ ఉండాల్సిందే అన్నట్టు ఆయన ఒక చిన్న దెబ్బ వేసి సర్దేస్తున్నాడు. ఎదుట కుర్చీల్లోవాళ్ళకు ఏమీ తెలియడం లేదు. నాకు తెలుస్తోంది, ఆయనకు తెలుస్తోంది. ఆయన తమ్ముడికి కూడా తెలుస్తోందని, నాదస్వరం ఊదుతూనే కళ్ళతో నవ్వుతున్నప్పుడు అర్థమయింది. పురోహితుడు చేయెత్తి గట్టిమేళం అనగానే నేను ప్రాణం పెట్టి కొట్టాను. ఆ కొట్టడంలో తాళాలను కలిపే తాడు తెగి, ఒక తాళం చేయి జారి, దొర్లుకుంటూ పోయి పెళ్ళిపీటల దగ్గర పడింది. తల వంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు తల ఎత్తకుండానే చేయి చాపి దాన్ని తీసి నా వైపు పెట్టింది. అప్పుడే తాళి కట్టారు. (పెళ్ళి వీడియోలో ఆ ముక్క ఉంది. తాళి కట్టించుకుంటున్న మనిషి ముఖంలో అంత నవ్వు దేనికో వాళ్ళ అత్తగారికి ఇప్పటికీ తెలియదట.)

సాయంత్రం తిరుగు ప్రయాణంలో బావ నన్ను తన బండిలో ఎక్కించుకోలేదు. కుప్పం బస్టాండుకు పోతే మేళంవాళ్ళు ఎక్కిన బస్సే దొరికింది. ఖాళీగా ఉన్న సీటు పెద్దాయన పక్కనే. డోలు ఆయన కాళ్ళ దగ్గర గుడ్డసంచిలో ఉంది. వి.కోట దాటాక ఆయనే మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పింది నిజమేప్పా. ఆ రికార్డింగులో నేను పరిగెత్తినాను."

నేను ఆయన వైపు తిరిగాను.

"బెంగళూరులో ఒగ రూములో కూర్చోబెట్టినారు. తొమ్మిది కీర్తనలు. మధ్యానం దాకానే రూము మాది, తర్వాత ఇంకెవరో వచ్చేస్తారంట. అద్దం అవతల ఒగాయన నిలబడుకోని, కానీండి కానీండి అని చేత్తో ఇట్లా తిప్పతానే ఉండాడు. వాయించేటప్పుడు ఎదురుగా అట్లా చేయి తిరుగుతాంటే ఎవుడు నిలబడతాడు? ఇంటికొచ్చి విన్నాక వారం దినాలు నాకు అన్నం పోలా. ఇన్నేళ్ళల్లో ఎవురూ కనిపెట్టలేదులే అనుకుంటి. నువ్వొకడివి కనిపెట్టినావు." కాళ్ళ దగ్గరి సంచి సర్దుకుని అన్నాడు. "నిజమే గానీ, పొంగలి తినేటప్పుడు చెప్పేది కాదు అది."

అప్పుడు నాకు క్షమించమని అడగడం వచ్చింది. ఆయన విననట్టే కిటికీలోంచి చూస్తూ, "ఏదన్నా వినిపియ్యి. వింటాను అంటివే," అన్నాడు. నేను ఫోను తీసి, అమెరికాలో నల్లవాళ్ళు వాయించే జాజ్ డ్రమ్ముల ఆల్బము పెట్టి, ఒక ఇయర్‌ఫోను ఆయన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టాను. పలమనేరు వచ్చేదాకా ఆయన కదల్లేదు. కుడిచేతి వేళ్ళు మాత్రం మోకాలి మీద ఆడుతున్నాయి. అయిపోయాక ఇయర్‌ఫోను తీసి, పంచెతో తుడిచి నాకిచ్చి అన్నాడు.

"వీడెవడో గానీ, వీనికి పెద్ద దుఃఖం ఏదో ఉండాది. అది బయటికి చెప్పకూడదని అంత నవ్వుతా కొడతాండాడు."

ఆ ఆల్బముకు నేను తొమ్మిది వేశాను. ఎందుకు వేశానో ఒకటిన్నర నిమిషం మాట్లాడాను కూడా. అందులో ఈ మాట లేదు.

అంగట్లో నా గొంతులన్నీ తర్వాతి సోమవారం బావ దగ్గరుండి చెరిపించాడు. పల్లెల్లోకి వెళ్ళిపోయినవాటిని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. నాకు ఉద్యోగం వచ్చేదాకా, వీలున్న ఆదివారమల్లా పుంగనూరు వెళ్ళి పెద్దాయనకు ఏదో ఒకటి వినిపించి వచ్చేవాణ్ణి. పియానో ఆయనకు నచ్చలేదు. కవ్వాలీలు నచ్చాయి. ఆ భయంభయం వీణ విని మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. నేను దాన్నే ఇంకోసారి పెట్టాను.

ఇప్పుడు నాకు జుట్టు పలచబడింది, చెవి కూడా ఒకవైపు కాస్త తగ్గింది. ఏ ఆల్బమైనా ఎలా ఉందని ఎవరైనా అడిగితే వెంటనే ఏమీ తోచదు. ఇంకోసారి విని చెబుతానంటాను, తర్వాత చెప్పడం మరిచిపోతాను. ఆ ఇరవై రెండేళ్ళవాడు ఎక్కడైనా ఎదురుపడితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. వాడికి అన్నీ తెలుసు. నాకేమో ఈమధ్య సందేహాలు చాలా ఉన్నాయి.