ఉప్పుబావికి నేను పెట్టిన కిరీటం

నా మూలంగా ఒక ఊరు ఊరంతా తొమ్మిది రోజులపాటు మంచినీళ్ళ విషయంలో దొంగబతుకు బతికింది. వరద వల్ల కాదు, కరువు వల్ల కాదు, కేవలం నా ఇంగ్లీషు వల్ల. ఆ ఇంగ్లీషు నేర్పిన మాస్టారు ఇప్పుడు లేరు కాబట్టి నింద మొత్తం ఆయన మీద వేసే సౌకర్యం ఉంది గానీ, సగం నేనే ఉంచుకుంటాను. మనిషికి ఆ మాత్రం ఉదారత ఉండాలి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. గుంటూరులో ఇంటర్మీడియట్ చదివి, ఇంగ్లీషు ఒక్కటే తప్పి, నల్లపాడులో ఒక ట్యూషన్ మాస్టారి దగ్గర దానికి చికిత్స చేయించుకుని ఊరికి తిరిగొచ్చాను. నేను గుంటూరులో చదివానని ఊళ్ళో అందరికీ తెలుసు. ఏం తప్పానో తెలియదు. నేనూ తొందరపడి చెప్పలేదు.

ఆ మాస్టారి సిద్ధాంతం చాలా తేలిక. "ఇంగ్లీషంటే రెండే విద్యలురా అబ్బాయ్. విశేషణానికి కిరీటం పెట్టు, క్రియకి తోక తగిలించు. ఇక నిన్ను తప్పించే మొనగాడుండడు" అనేవారు. అంటే బిగ్ అనకూడదు, బిగ్గెస్ట్ అనాలి. గివ్ అని ఊరుకోకూడదు, గివ్ అప్ అనో గివ్ ఇన్ అనో గివ్ అవుట్ అనో అనాలి. కిరీటాలతో నాకు పేచీ లేదు. తోకలే నన్ను తికమక పెట్టేవి. లుక్ అనే సాధువైన మాటకి ఆఫ్టర్ తగిలిస్తే సాకుతుందట, ఫర్ తగిలిస్తే వెతుకుతుందట, డౌన్ అపాన్ తగిలిస్తే మనల్నే చిన్నచూపు చూస్తుందట. మనిషి ఒకడే, చొక్కా మార్చినప్పుడల్లా గుణం మారుతోంది. అలాంటివాణ్ణి ఇంట్లోకి రానిస్తామా చెప్పండి. చివరికి తోకలన్నిటినీ ఓ సంచిలో వేసుకున్నట్టు మనసులో పెట్టుకుని, ఏ క్రియ ఎదురైతే దానికి చేతికందింది తగిలించడం అలవాటు చేసుకున్నాను.

ఇక మా ఊరి సంగతి. చీమకుర్తి దాటాక నల్లరేగడి నేల. మిరపా పత్తీ బాగానే పండేవి. నీళ్ళు మాత్రం ఉప్పు. ఊరంతటికీ ఒక్కటే బావి. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు, పాలల్లో నాలుగు చుక్కలు పడితే విరిగిపోతాయి. చుట్టాలొస్తే రెండు మైళ్ళ అవతలి పడమటిపాలెం నుంచి కావిడి మీద మంచినీళ్ళు తెప్పించి, ఎక్కడివో చెప్పకుండా గ్లాసుల్లో పోసి మర్యాద చేసేవాళ్ళం. అయినా సంగతి దాగేది కాదు. మా ఊరికి పిల్లనివ్వాలంటే జనం వెనకాడేవారు. నాకు పెళ్ళి కుదరకపోవడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు గానీ నేను మాత్రం బావినే తిట్టుకునేవాణ్ణి.

అలాంటి ఊరికి, బావులు మంజూరు చేసే పెద్దాఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. మలబారు వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. మా ప్రెసిడెంటు నరసయ్య నాకు మేనమామ వరస. నన్ను పిలిపించి, స్వాగతపత్రం ఇంగ్లీషులో నువ్వే రాసి నువ్వే చదవాలన్నాడు.

"కొత్త బావి కావాలని అడుగు. అయితే అడుక్కుంటున్నట్టు ఉండకూడదురా. మన ఊరి పరువు తగ్గకూడదు" అన్నాడు.

మూడు రోజులు కూర్చుని మూడు పేజీలు రాశాను. ఎటు చూసినా కిరీటాలే, ఎటు చూసినా తోకలే. మా రైతులు గెట్ అప్ ది ఎర్లియెస్ట్. మా ఎడ్లు ఈట్ అప్ ది మోస్ట్ స్ట్రా. ఆఫీసరుగారు లుక్స్ ఆఫ్టర్ ది పూరెస్ట్. బావి దగ్గరకొచ్చేసరికి కలం ఆగింది. మూడు పేజీలు ఊరిని సింహాసనం మీద కూర్చోబెట్టి, ఇప్పుడు ఉప్పునీళ్ళని చెప్పి కిందికి ఎలా దించడం? మావయ్య చెప్పిన పరువు గుర్తొచ్చింది. పైగా గివ్స్ అవుట్ అనే తోక సంచిలో వాడకుండా పడి ఉంది. 'అవర్ వెల్ గివ్స్ అవుట్ ది స్వీటెస్ట్ వాటర్' అని రాసేశాను. చివర, ఇంకొక బావి కోసం ఎదురుచూస్తున్నామని ఒక్క వాక్యం తగిలించి ముగించాను. మా మావయ్య కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, దస్తూరీ బాగుందని మెచ్చుకున్నాడు.

ఆఫీసరు మిట్టమధ్యాహ్నం జీపులో దిగాడు. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. దిగీ దిగగానే తుమ్మడం మొదలుపెట్టాడు. నేను చదువుతున్నాను, ఆయన తుమ్ముతున్నాడు, తుమ్ము అయినప్పుడల్లా వాక్యం అయిందనుకుని ఊరు చప్పట్లు కొడుతోంది. చదవడం పూర్తయ్యాక మావయ్య ఆనవాయితీ ప్రకారం వెండి గ్లాసుతో మంచినీళ్ళు అందించాడు. పొద్దున్నే పడమటిపాలెం నుంచి తెప్పించినవి.

ఆయన గడగడా తాగాడు. ఇంకో గ్లాసు అడిగి తాగాడు. ఆ తరవాత నా వంక చూసి, ఇవి నువ్వు రాసిన ఆ బావి నీళ్ళేనా అని అడిగాడు. జన్మలో మొదటిసారి ఒక ఇంగ్లీషు వాక్యం నాకు మొత్తం అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

"ఏవంటున్నాడ్రా?" అన్నాడు మావయ్య నెమ్మదిగా.

"ఇవి మన బావి నీళ్ళేనా అంటున్నాడు."

"మన బావి నీళ్ళు ఇట్టా ఉంటాయని ఆయనకెందుకు అనిపించింది?"

"తియ్యటివని రాశాను మావయ్యా."

"తియ్యటివనా? ఎందుకు రాశావురా?"

"గ్రామరు అలా వచ్చింది."

మావయ్య మొహం ఎండుమిరపకాయ రంగుకి తిరిగింది. పక్కూరి నీళ్ళే అని ఒప్పుకోమంటావా అని నేనే అడిగాను. ఆయన పందిట్లో జనాన్ని చూశాడు, ఆఫీసరు మెళ్ళో దండని చూశాడు. "ఇంత ఆర్భాటం చేసి పక్కూరి నీళ్ళు పోశామని చెబితే ఏం బాగుంటుంది? అవునను" అన్నాడు. నేను అవునన్నాను. మర్యాద కోసం ది సేమెస్ట్ సర్ అన్నాను. అలాంటి మాట ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆఫీసరు పరమానందపడి పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఓ ఉపన్యాసం ఇచ్చాడు. రాసుకోవడం చూసి, బావి వచ్చేసిందని జనం ఈలలు వేశారు. ఆయన చెప్పిందేమిటంటే, ఇంత మంచి బావి ఉన్న ఊరికి రెండోది దండగ, అది ఇంకే ఊరికైనా ఇస్తాను, నేను పది రోజులు మీ పక్కనే బంగళాలో మకాం, అక్కడి నీళ్ళు నోట్లో పెట్టుకునేట్టు లేవు, రోజూ పొద్దున మీ బావి నీళ్ళకి బంట్రోతుని పంపిస్తాను అని.

ఈ సంగతి నేను తెలుగులో చెప్పాక ఈలలు ఆగిపోయాయి. ఆ సాయంత్రం రచ్చబండ దగ్గర ఊరు నాకు శిక్ష వేసింది. పది రోజులూ పడమటిపాలెం నుంచి కావిడి మోసే భాగ్యం నాదే. బంట్రోతు వచ్చేలోగా రెండు బిందెలు తెచ్చి మన బావి గట్టు మీద పెట్టి, అప్పుడే తోడినట్టు నిలబడాలి.

మోశాను. మూడో రోజుకి నా భుజాలు నావి కావనిపించింది. అయిదో రోజున పడమటిపాలెం బావి దగ్గర ఒక పెద్దమ్మ బిందె దించుకుంటూ, "మీ ఊరి నీళ్ళు పంచదార పానకవంట గదా నాయనా, మా దాకా ఎందుకొచ్చావు?" అని అడిగింది. నా కీర్తి నాకంటే ముందే కావిడి లేకుండా అక్కడికి చేరిపోయిందన్నమాట. తలొంచుకుని తోడుకున్నాను.

తొమ్మిదో రోజున దారిలో కావిడి తాడు తెగింది. ఒక బిందె రేగడి గట్టు మీద తలపెట్టి పడుకుంది, రెండోది పత్తిచేలోకి దొర్లింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి తోడుకుని ఊరు చేరేసరికి బంట్రోతు వచ్చి వెళ్ళిపోయాడట. నేను కనపడకపోతే, పాపం, ఎవర్నీ ఇబ్బంది పెట్టడమెందుకని మా బావిలోంచి తానే తోడుకుని పట్టుకెళ్ళాడట.

గంట తిరక్కుండా జీపు వచ్చింది. ఆఫీసరు చేతిలో కాఫీ గ్లాసు. అందులో పాలు ఓ పక్క, నీళ్ళు ఓ పక్క. ఊరంతా బావి చుట్టూ చేరింది. ఆయన గ్లాసు నా ముక్కు కింద పెట్టి, ఏమిటిది అన్నాడు. మావయ్య నా వీపు మీద చెయ్యి వేసి, "ఈసారన్నా ఉన్నది చెప్పరా. బావి పోతే పోయింది" అన్నాడు.

సంచి వెతికాను. ఒక్క కిరీటం లేదు, ఒక్క తోక లేదు. ఉన్నవాటితోనే అన్నాను. "సర్. దిస్ వెల్ బ్యాడ్. గుడ్ వాటర్, అదర్ విలేజ్. ఐ బ్రింగ్." అని భుజం మీద చొక్కా తప్పించి, కావిడి మోసి కాచిన కాయ చూపించాను.

ఆయన నా భుజాన్ని చూశాడు. గ్లాసులోకి చూశాడు. బావిలోంచి ఒక చేద తోడించి, దోసిట పట్టి ఒక్క గుక్క నోట్లో పోసుకుని, పోసుకున్నంత వేగంగా ఉమ్మేశాడు. మూతి తుడుచుకుని నవ్వాడు. నీ ఇంగ్లీషు నాకు ఈ రోజే అర్థమైందని చెప్పి, పుస్తకం తీసి పాత గీతలు కొట్టేసి కొత్తగా రాసుకున్నాడు. మూడు పేజీల స్వాగతపత్రం పోగొట్టిన బావిని ఒక్క ఉమ్ము తెచ్చిపెట్టింది.

ఎండాకాలం తిరిగేలోగా ఊరి పడమటి దిక్కున కొత్త బావి తవ్వారు. నీళ్ళు ఎలా ఉన్నాయని మావయ్య అడిగితే, పప్పు ఉడుకుతోంది అన్నాను. అంతకు మించి ఒక్క మాట కూడా నానుంచి రాలేదు. ప్రారంభోత్సవానికి స్వాగతపత్రం ఎవరు రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఊరంతా ఒక్కసారే నా వైపు చూసి, ఒక్కసారే చూపు తిప్పుకుంది.

కాబట్టి పాఠక మహాశయులారా, అదే కొత్త బావి గట్టు మీద తూర్పుముఖంగా కూర్చుని ప్రమాణం చేస్తున్నాను. బావి గురించి గానీ, మనిషి గురించి గానీ, ఇంగ్లీషులో గానీ, తెలుగులో గానీ, అన్నిటికంటే గొప్పది అనే మాట ఇక నా నోట రాదు. ఇంత గట్టి ప్రమాణం ఈ భూమ్మీద ఇంతవరకూ ఎవరూ చేసి ఉండరు.